గుండెపోటు రోగి మీ చేతికి వచ్చినప్పుడు: క్యాజువాలిటీ నుంచి డిశ్చార్జి వరకు స్టాఫ్ నర్సు చేయవలసిన పనులు

ఏరియా ఆసుపత్రుల్లోనూ, పట్టణాల్లోని చిన్న నర్సింగ్ హోముల్లోనూ పనిచేసే సిస్టర్లు కలిసినప్పుడల్లా నన్ను ఒకే ప్రశ్న అడుగుతుంటారు: కార్డియాలజిస్టు లేని చోటికి గుండెపోటు కేసు వస్తే ఏ వరుసలో ఏమేమి చేయాలి, ఎక్కడెక్కడ పొరపాటు జరుగుతుంది? విడివిడిగా చెప్పీ చెప్పీ, చివరికి అంతా ఒకచోట రాసిపెడితే మేలనిపించింది. ఇందులోని మోతాదులు పెద్దవారికి వాడేవి. డాక్టరు ఆర్డరు లేకుండా మీరు ఇచ్చేందుకు వీటిని రాయలేదు. రాసిన ఆర్డరును సరిచూసుకోవడానికి, తేడా కనిపిస్తే అడగడానికి వాడుకోండి. మీ ఆసుపత్రికి సొంత ప్రోటోకాల్ ఉంటే దానినే పాటించండి.

సిద్ధాంతం ఈ పనికి ఎంత కావాలో అంతే చెబుతాను. గుండె కండరానికి రక్తం తెచ్చే కరోనరీ ధమని గడ్డతో మూసుకుపోతే, దాని మీద ఆధారపడిన కండరం నిమిషనిమిషానికీ చచ్చిపోతూ ఉంటుంది. ఈసీజీలో ఎస్టీ భాగం పైకి లేచిన రకంలో ఆ దారిని వెంటనే తెరవాలి. 120 నిమిషాల్లోపు యాంజియోప్లాస్టీ (మూసుకున్న ధమనిని బెలూనుతో తెరవడం) అందే వీలుంటే రోగిని అక్కడికి పంపుతారు. లేకపోతే, నొప్పి మొదలై 12 గంటలు దాటనివారికి గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇస్తారు. ఎస్టీ లేవని రకంలో ఈ ఇంజెక్షన్ ఇవ్వరు.

ముందే సిద్ధంగా ఉండవలసినవి

- 12 లీడ్ల ఈసీజీ మెషీన్, అదనపు పేపరు రోల్, జెల్, రేజరు, చెమట తుడవడానికి పొడి గుడ్డ.
- ఛార్జింగులో ఉన్న డీఫిబ్రిలేటర్ (గుండెకు షాకు ఇచ్చే యంత్రం), మానిటర్, పనిచేసే సక్షన్, ఆంబూ బ్యాగ్.
- 18, 20 నంబరు క్యాన్యులాలు, నార్మల్ సెలైన్, ఇన్ఫ్యూజన్ పంపు.
- మొదటి మోతాదు మాత్రలన్నీ ఉన్న ఒక డబ్బా: ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, అటార్వాస్టాటిన్, నాలుక కింద పెట్టే సార్బిట్రేట్.
- గడ్డ కరిగించే మందు, అంటే టెనెక్టిప్లేస్ లేదా స్ట్రెప్టోకైనేజ్ వయల్. అది ఉన్న ఫ్రిజ్ తాళం రాత్రి డ్యూటీలో ఎవరి దగ్గర ఉంటుందో డ్యూటీ ఎక్కగానే కనుక్కోండి. మందు ఉండి, తాళం ఫార్మసిస్టు ఇంట్లో ఉన్న సందర్భాలు నేను ఒకటికి మించి చూశాను.
- బరువు తూచే యంత్రం. స్ట్రెచరు మీద ఉన్నవారిని తూచే వసతి లేకపోతే, ఇటీవల తూయించుకున్న బరువెంతో రోగినో, ఇంటివారినో అడగండి.
- సెకన్ల ముల్లు ఉన్న గోడ గడియారం.

1. గుర్తించండి, వచ్చిన సమయం రాయండి

రోగి గుమ్మం దాటిన క్షణం మీ మొదటి సమయం. ఓపీ చీటీ రాయించుకున్న సమయాన్ని దీనికి బదులుగా వేయకండి. క్యూలో పోయిన పదిహేను నిమిషాలు అలా లెక్కలోకి రాకుండా పోతాయి.

"ఛాతీలో నొప్పి" అనే మాటే అందరూ చెప్పరు. రొమ్ము బిగపట్టినట్టుందనీ, గుండెల మీద బండ పెట్టినట్టుందనీ, దవడ లాగుతోందనీ, ఎడమ చెయ్యి బరువెక్కిందనీ, చాలామంది అయితే గ్యాస్ పట్టిందనీ అంటారు. షుగరు ఉన్నవారిలోనూ, పెద్ద వయసు స్త్రీలలోనూ నొప్పే ఉండకపోవచ్చు; హఠాత్తుగా ఆయాసం, చల్లని చెమటలు, వాంతి, చెప్పలేనంత నీరసం మాత్రమే ఉంటాయి. బొడ్డుకు పైన, దవడకు కింద ఎక్కడ కొత్తగా ఇబ్బంది మొదలైనా ముందు ఈసీజీ తీయండి, గ్యాస్ సంగతి ఆ తర్వాత చూడవచ్చు.

హెచ్చరిక: ఇటువంటి రోగికి తుంటిలో నొప్పి ఇంజెక్షన్, దానితో పాటు గ్యాస్ ఇంజెక్షన్ ఇచ్చి కూర్చోబెట్టే అలవాటు మన దగ్గర బలంగా ఉంది. కండరంలో సూది గుచ్చిన చోట, తరువాత గడ్డ కరిగించే మందు ఇచ్చినప్పుడు లోపల రక్తం పేరుకుపోతుంది. డైక్లోఫెనాక్ వంటి మందులు గుండెకూ హాని చేస్తాయి. గుండెపోటు కాదని తేలేవరకు కండరంలో ఏ ఇంజెక్షనూ వద్దు. బయట ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకుని వచ్చారేమో అడిగి, వేయించుకుంటే ఆ చోటును కేస్ షీటులో రాయండి.

2. పది నిమిషాల్లో ఈసీజీ

వీ1, వీ2 ఎలక్ట్రోడ్లను నాలుగో పక్కటెముకల సందులో, రొమ్ము ఎముకకు కుడి ఎడమల పెట్టాలి. ఆ సందును కంటితో అంచనా వేయకండి. మెడ కింది గుంట నుంచి వేలితో కిందికి జారితే రొమ్ము ఎముక మీద ఒక మిట్ట తగులుతుంది. దాని పక్కన ఉన్నది రెండో పక్కటెముక, ఆ ఎముక కింద ఉన్నది రెండో సందు. అక్కడి నుంచి లెక్కపెట్టుకుంటూ దిగండి. వీ4 ఐదో సందులో, కాలర్ ఎముక మధ్య నుంచి దిగిన గీత మీద ఉండాలి. వీ2, వీ4ల నడుమ వీ3 పెట్టండి. వీ5, వీ6 రెండూ వీ4 ఎత్తులోనే, ఒకటి చంక ముందు గీత మీద, రెండోది చంక మధ్య గీత మీద వస్తాయి. తరచుగా కనిపించే పొరపాటు వీ1, వీ2లను మరీ పైన, రెండో సందులో పెట్టడం. దానివల్ల లేని గుండెపోటు ఉన్నట్టు కనిపించవచ్చు.

స్త్రీల విషయంలో మొహమాటం వల్ల ఆలస్యమూ జరుగుతుంది, తప్పుడు ఈసీజీ కూడా వస్తుంది. తెర లాగి, "అమ్మా, గుండె పరీక్ష చేయాలి, జాకెట్ హుక్కులు తీస్తాను" అని చెప్పి, స్తనాన్ని చేతి వెనుక భాగంతో పైకెత్తి దాని కింద ఎలక్ట్రోడ్లు పెట్టండి. చీర మడతల్లోంచి చెయ్యి పోనిచ్చి తోచిన చోట అంటించిన ఈసీజీ డాక్టరును తప్పుదారి పట్టిస్తుంది.

తీసిన కాగితాన్ని ఇలా సరిచూసుకోండి: వేగం 25 మిల్లీమీటర్లు, ఎత్తు గుర్తు 10 మిల్లీమీటర్లు ఉన్నాయా? లీడ్ 1లో గీతలు తలకిందులుగా, ఏవీఆర్‌లో నిటారుగా ఉన్నాయా? ఉంటే చేతుల వైర్లు తారుమారయ్యాయేమో ముందు చూడండి. పేరు, తేదీ, సమయం, ఆ క్షణంలో నొప్పి ఉందా లేదా అన్నది కాగితం మీదే రాయండి.

లీడ్ 2, 3, ఏవీఎఫ్‌లలో ఎస్టీ లేచి ఉంటే అక్కడితో ఆగకండి. వీ4 ఎలక్ట్రోడ్‌ను కుడివైపు అదే స్థానానికి మార్చి ఇంకొక ఈసీజీ తీయండి. గుండె కుడి భాగం దెబ్బతిన్నదేమో తెలుస్తుంది. వీ1 నుంచి వీ3 వరకు ఎస్టీ కిందికి దిగి ఉంటే వీపు వైపు లీడ్లు కావాలేమో డాక్టరును అడగండి. మొదటి ఈసీజీ మామూలుగా ఉండి నొప్పి మాత్రం తగ్గకపోతే, ఎలక్ట్రోడ్ల చోట పెన్నుతో గుర్తు పెట్టి, 15 నుంచి 30 నిమిషాలకొకసారి మళ్ళీ తీయాలి. ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతిన్నదని చూపే రక్త పరీక్ష) మొదటి గంటల్లో నెగెటివ్ రావచ్చు కాబట్టి, ఈసీజీలో ఎస్టీ స్పష్టంగా లేచినప్పుడు ఆ రిపోర్టు కోసం చికిత్సను ఆపకూడదు.

ఈసీజీని ఫోనులో పంపవలసి వస్తే కాగితాన్ని బల్ల మీద పరచి, నీడ పడకుండా, 12 లీడ్లూ ఒకే ఫొటోలో వచ్చేలా తీయండి. రోగి పేరు కనిపించకుండా మడవండి, వయసు మాత్రం చెప్పండి.

3. మంచం, మానిటర్, రెండు ఐవీ లైన్లు

రోగిని నడిపించకండి, మెట్లు ఎక్కించకండి. మానిటర్ తగిలించిన క్షణం నుంచి డీఫిబ్రిలేటర్ చేతికందే దూరంలో ఉండాలి. రెండు చేతులకూ ఒక్కొక్క క్యాన్యులా పెట్టి, అప్పుడే రక్త నమూనాలు కూడా తీసేయండి. గడ్డ కరిగించే మందు ఇచ్చాక మళ్ళీమళ్ళీ గుచ్చే పని ఉండకూడదు. తరువాత యాంజియోగ్రామ్ మణికట్టు నుంచి చేస్తారు కనుక కుడి మణికట్టును వదిలిపెట్టి ముంజేతిలో పెట్టండి.

బీపీని రెండు చేతులకూ చూడండి. తేడా 20 దాటినా, నొప్పి వీపులోకి చీల్చుకుపోతున్నట్టు ఉందని రోగి చెప్పినా, అది బృహద్ధమని చీలిక కావచ్చు. అటువంటి రోగికి గడ్డ కరిగించే మందు ప్రాణం తీస్తుంది. వెంటనే డాక్టరుకు చెప్పండి.

ఆక్సిజన్ అందరికీ పెట్టే అలవాటు మానుకోవాలి. సాచురేషన్ 90 శాతం కంటే తగ్గినప్పుడు, లేదా రోగి ఆయాసపడుతున్నప్పుడు పెడతాము. 97 శాతం ఉన్నవారికి మాస్కు పెట్టడం వల్ల లాభం లేదు. పెట్టకపోతే ఇంటివారు గొడవ చేస్తారన్నది నిజమే. మానిటర్ మీద అంకె చూపించి రెండు ముక్కల్లో చెబితే చాలావరకు ఊరుకుంటారు.

4. మొదటి మందులు

ఆస్పిరిన్ 300 లేదా 325 మిల్లీగ్రాములు నమిలించాలి. పూత ఉన్న మాత్రను మింగిస్తే పని ఆలస్యమవుతుంది, కనుక "నమలండి, చేదుగా ఉన్నా ఉమ్మవద్దు" అని దగ్గరుండి చూడండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వబోతుంటే క్లోపిడోగ్రెల్ 75 ఏళ్ళలోపువారికి 300 మిల్లీగ్రాములు, ఆ వయసు దాటినవారికి 75 మాత్రమే. అటార్వాస్టాటిన్ 80 మిల్లీగ్రాములు. 108లోనో, బయటి క్లినిక్కులోనో ఇవే మాత్రలు ఇచ్చి పంపుతుంటారు. అడగకుండా రెండోసారి వేయకండి.

రక్తనాళాలను వదులు చేసి బీపీని దించే సార్బిట్రేట్ దగ్గర మాత్రం ఆగి ఆలోచించాలి. పై బీపీ 90 కంటే తక్కువ ఉన్నా, గుండె కుడి భాగం దెబ్బతిన్నా, లైంగిక సామర్థ్యం కోసం వాడే మందుల్లో గత 24 గంటల్లో సిల్డెనాఫిల్ గానీ 48 గంటల్లో టడాలఫిల్ గానీ వాడినా ఇది ఇవ్వకూడదు. మగవారిని ఈ ప్రశ్న భార్యాపిల్లల ముందు అడిగితే నిజం చెప్పరు. వారిని బయటికి పంపి అడగండి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రాత్రి, కింది భాగం గుండెపోటుతో (లీడ్ 2, 3, ఏవీఎఫ్‌లలో ఎస్టీ లేచే రకం) వచ్చిన ఒక రైతుకు, ఛాతీ నొప్పి అంటే సార్బిట్రేటే కదా అని, ఆర్డరు ప్రకారం నాలుక కింద పెట్టేశాను. కుడివైపు ఈసీజీ తీయలేదు. ఐదు నిమిషాలు కాకముందే ఆయన నా కొంగు పట్టుకుని "కళ్ళు తిరుగుతున్నాయమ్మా, లైట్లు తీసేశారా?" అని అడిగాడు. బీపీ 60. కాళ్ళు పైకెత్తి, సెలైను వేగంగా ఎక్కించి, డాక్టరుగారు గంటసేపు కష్టపడితే తేరుకున్నాడు. ఆ తర్వాత ఈ ముప్ఫై ఏళ్ళలో నేను కుడివైపు లీడు చూడకుండా ఆ మాత్ర అందుకోలేదు.

5. గడ్డ కరిగించే ఇంజెక్షన్

రోగి వచ్చిన 30 నిమిషాల్లో ఇది నరంలోకి వెళ్ళాలి. ముందుగా ఈ ప్రశ్నలను గట్టిగా చదివి, ఒక్కొక్కదానికి జవాబు రాసుకోండి: ఎప్పుడైనా మెదడులో రక్తస్రావం జరిగిందా? ఇటీవలి నెలల్లో పక్షవాతం గానీ తలకు దెబ్బ గానీ తగిలిందా? మెదడులో కణితి (ట్యూమర్) ఉందా? ఇప్పుడు ఎక్కడైనా రక్తం పోతోందా, మలం నల్లగా వస్తోందా? మూడు వారాల్లో పెద్ద ఆపరేషన్ జరిగిందా? రక్తం పలుచన చేసే మందులు వాడుతున్నారా? గర్భిణీనా? ఇప్పటి బీపీ 180/110 దాటిందా? దేనికైనా "అవును" అని వస్తే నిర్ణయం డాక్టరుది. నెలసరిలో ఉన్న స్త్రీకి ఇవ్వకూడదనుకుంటారు. నెలసరి దీనికి అడ్డంకి కాదు.

టెనెక్టిప్లేస్ మోతాదు బరువును బట్టి ఉంటుంది: 60 కిలోల లోపు 30 మిల్లీగ్రాములు, 60 నుంచి 69 వరకు 35, 70 నుంచి 79 వరకు 40, 80 నుంచి 89 వరకు 45, 90 ఆపైన 50. 75 ఏళ్ళు దాటినవారికి సగం మోతాదు ఇవ్వడం గురించి డాక్టరును తప్పక అడగండి. బరువును చూపుతో అంచనా వేయడం ఇక్కడ జరిగే అతి పెద్ద తప్పు. బొద్దుగా కనిపించే పొట్టి మనిషికి "75 ఉంటాడు" అని వేసేస్తారు, తూస్తే 62 ఉంటాడు.

కలిపే విధానం: ప్యాకులో వచ్చిన స్టెరైల్ వాటరును మెల్లగా వయల్‌లోకి వదిలి, చేతివేళ్ళ మధ్య తిప్పండి. కుదపకండి, నురగ వస్తుంది. వస్తే రెండు మూడు నిమిషాలు కదపకుండా ఉంచండి. లైనులో డెక్స్‌ట్రోజ్ నడుస్తుంటే ఆపి, సెలైనుతో శుభ్రంగా ఫ్లష్ చేయాలి. డెక్స్‌ట్రోజ్‌తో ఈ మందు విరిగిపోతుంది. రెండో సిస్టరు వయల్ పేరు, బరువు, సిరంజిలోని మోతాదు చూసి సంతకం చేశాక, 5 నుంచి 10 సెకన్లలో ఒకే బోలస్‌గా (మొత్తం ఒక్కసారిగా) ఇచ్చి మళ్ళీ ఫ్లష్ చేయండి. సమయం రాయండి.

ప్రత్యామ్నాయం: టెనెక్టిప్లేస్ లేని చోట స్ట్రెప్టోకైనేజ్ 15 లక్షల యూనిట్లను 100 మిల్లీలీటర్ల నార్మల్ సెలైనులో కలిపి 30 నుంచి 60 నిమిషాల్లో ఎక్కిస్తారు. దీనితో బీపీ పడిపోవడం మామూలే, అందుచేత మొదటి అరగంట ఐదు నిమిషాలకొకసారి చూడండి. పడిపోతే డ్రిప్ నెమ్మది చేసి లేదా ఆపి, కాళ్ళు ఎత్తి, డాక్టరును పిలవండి. దద్దుర్లు, వణుకు వచ్చినా అంతే. గతంలో ఒకసారి స్ట్రెప్టోకైనేజ్ తీసుకున్నవారికి మళ్ళీ ఇవ్వకూడదు. పాత డిశ్చార్జి కాగితం అడిగి చూడండి.

6. ఇంజెక్షన్ తర్వాత

మేము పాటించే వరుస ఇది: మొదటి రెండు గంటలు 15 నిమిషాలకొకసారి, తర్వాత ఆరు గంటలు అరగంటకొకసారి, ఆపైన 24 గంటలయ్యే వరకు గంటకొకసారి బీపీ, నాడి, స్పృహ. స్పృహ చూడడమంటే "బాగున్నారా" అని అడిగి పోవడం కాదు. పేరు చెప్పించండి, రెండు చేతులూ ఎత్తించండి, నవ్వమనండి. కొత్తగా తలనొప్పి, వాంతి, మాట ముద్దకట్టడం, మగత, వీటిలో ఏది వచ్చినా మెదడులో రక్తస్రావమేనని భావించి హెపారిన్ (గడ్డ మళ్ళీ కట్టకుండా ఇచ్చే మందు) ఆపి డాక్టరును పిలవండి. రోగి నిద్రపోతున్నాడని లేపకుండా వదిలేయడం రాత్రి డ్యూటీలో తరచూ జరుగుతుంది. మొదటి రాత్రి ఆ నిద్రను నమ్మవద్దు.

చిగుళ్ళు, మూత్రం, సూది గుచ్చిన చోట్లు చూస్తూ ఉండండి. 24 గంటలు బ్రష్షు, షేవింగు, కండరంలో ఇంజెక్షన్లు, తప్పనిసరి కాని మూత్రపు గొట్టం, ముక్కు గొట్టం వద్దు.

గడ్డ కరిగిందో లేదో ఎలా తెలుస్తుంది? 60 నుంచి 90 నిమిషాల మధ్య ఈసీజీ మళ్ళీ తీసి, ముందు ఎస్టీ ఎక్కువగా లేచిన లీడునే పక్కపక్కన పెట్టి చూడండి. ఎత్తు సగమో, అంతకంటే ఎక్కువో తగ్గి, నొప్పి కూడా పోతే కరిగినట్టే. తగ్గకపోతే మందు విఫలమైనట్టు. రోగిని వెంటనే యాంజియోప్లాస్టీకి పంపాలి, రెండో రోజు దాకా చూద్దామనకూడదు. కరిగినవారికి కూడా 2 నుంచి 24 గంటల్లోపు యాంజియోగ్రామ్ చేయడం మేలు. ఈ ఈసీజీ తీయడం మరిచిపోవడమే నేను చూసిన కేస్ షీట్లలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే లోపం. మందు వేసిన మరుక్షణం ఫోనులో 60 నిమిషాలకు అలారం పెట్టుకోండి.

దారి తెరుచుకునే సమయంలో మానిటర్ మీద వెడల్పాటి గీతలు, నిమిషానికి 60 నుంచి 110 వేగంతో కొంతసేపు రావచ్చు. బీపీ బాగుండి రోగి మాట్లాడుతుంటే కంగారుపడి మందులు ఎక్కించవద్దు. స్ట్రిప్ ప్రింటు తీసి డాక్టరుకు చూపండి.

7. హెపారిన్: రెండు సీసాల సంగతి

మన దగ్గర హెపారిన్ 5 మిల్లీలీటర్ల వయల్ రెండు బలాల్లో దొరుకుతుంది. ఒకదానిలో మిల్లీలీటరుకు 1,000 యూనిట్లు, మరొకదానిలో 5,000. సీసా పరిమాణం ఒకటే. 4,000 యూనిట్ల బోలస్ మొదటి సీసా నుంచి అయితే 4 మిల్లీలీటర్లు, రెండో సీసా నుంచి అయితే 0.8. "నాలుగు ఎంఎల్ తీయి" అని నోటిమాటగా చెప్పి, విన్నవారు రెండో సీసా అందుకుంటే 20,000 యూనిట్లు వెళ్ళిపోతాయి. అందుచేత ఆర్డరును ఎప్పుడూ యూనిట్లలోనే రాయించుకోండి, వయల్ లేబులును గట్టిగా చదవండి, రెండు బలాలను వేర్వేరు అరల్లో పెట్టండి.

బోలస్ కిలోకు 60 యూనిట్లు, 4,000 మించకూడదు. తర్వాత గంటకు కిలోకు 12 యూనిట్లు, 1,000 మించకూడదు. 60 కిలోల మనిషికి లెక్క వేస్తే బోలస్ 3,600, డ్రిప్ గంటకు 720 యూనిట్లు. 25,000 యూనిట్లను సెలైనుతో 50 మిల్లీలీటర్లకు కలిపితే ఒక మిల్లీలీటరులో 500 యూనిట్లు ఉంటాయి, కనుక పంపు గంటకు 1.4 మీద నడవాలి. 14 అని కొట్టేశారేమో చుక్క చూడండి.

హెపారిన్‌కు బదులు అదే కోవకు చెందిన ఎనాక్సాపారిన్ అయితే పొట్ట చర్మం కింద కిలోకు 1 మిల్లీగ్రాము, 12 గంటలకొకసారి. 75 ఏళ్ళు నిండినవారికి 0.75. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి రోజుకు ఒక్కసారే. సిరంజి పూర్తి మోతాదు ఇస్తుంటే లోపలి గాలి బుడగను తీయకండి, గుచ్చాక రుద్దకండి.

ఇదే సందర్భంలో ఇంకొక మాట. పొటాషియం క్లోరైడ్ ఆంప్యూళ్ళను సెలైను, స్టెరైల్ వాటరు ఆంప్యూళ్ళ ట్రేలో ఎప్పుడూ ఉంచకండి. దానిని పలుచన చేయకుండా నేరుగా నరంలోకి ఇస్తే గుండె ఆగిపోతుంది.

8. రోగి హఠాత్తుగా పడిపోతే

తట్టి పిలవండి. పలకకపోతే, ఊపిరి లేకపోతే కేక వేసి ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి: నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, 30 నొక్కులకు 2 శ్వాసలు. మెత్తని పరుపు అయితే వీపు కింద బోర్డు పెట్టాలి. మానిటర్ మీద వీఎఫ్ (గుండె కొట్టుకోకుండా వణికే లయ) కనిపిస్తే బైఫేజిక్ యంత్రంలో కంపెనీ చెప్పిన శక్తితో, అది తెలియకపోతే ఆ యంత్రంలో ఉన్న గరిష్ఠ శక్తితో షాకు. చెమట తుడవండి, మంగళసూత్రం, గొలుసులు పక్కకు జరపండి, ఆక్సిజన్ దూరంగా పెట్టండి. "సింక్" బటన్ నొక్కి ఉంటే వీఎఫ్‌లో షాకు పడదు, సిబ్బంది యంత్రం పాడైందనుకుంటారు. ముందు దాన్ని చూడండి. షాకు ఇచ్చాక నాడి వెతుక్కుంటూ ఆగకుండా రెండు నిమిషాలు మళ్ళీ నొక్కాలి.

ప్రతి షిఫ్టులోనూ డీఫిబ్రిలేటర్ కరెంటు తీసి బ్యాటరీ మీద పనిచేస్తుందేమో చూసి, పరీక్ష షాకు కాగితాన్ని రిజిస్టరులో అంటించండి. "చెక్ చేశాము" అన్న సంతకం కంటే ఆ కాగితం ముక్క నమ్మదగినది.

9. పై ఆసుపత్రికి పంపేటప్పుడు

డీఫిబ్రిలేటర్, మానిటర్ ఉన్న అంబులెన్సు, వెంట శిక్షణ పొందిన మనిషి ఉండాలి. ఫోనులో సంగతులు ఇలా వరుసగా చెప్పండి: "మేడమ్, నేను క్యాజువాలిటీ స్టాఫ్ నర్సును. 54 ఏళ్ళ పురుషుడు, ఉదయం 5:30కి నొప్పి మొదలైంది, 6:40కి మా దగ్గరికి వచ్చారు, 6:47 ఈసీజీలో ముందు భాగం ఎస్టీ లేచింది. 7:05కి టెనెక్టిప్లేస్ 35, బరువు 64. 8:10 ఈసీజీలో ఎస్టీ తగ్గలేదు, నొప్పి ఉంది, బీపీ 110/70. యాంజియోప్లాస్టీకి పంపుతున్నాము." అవతలివారిచేత తిరిగి చెప్పించుకోండి. ఈసీజీలన్నిటి నకళ్ళు, ఇచ్చిన మందుల సమయాలు రోగి వెంట వెళ్ళాలి. "లైసిస్ (గడ్డ కరిగించే మందు) ఇచ్చాము" అని మాత్రమే రాస్తే ఏ మందు, ఎప్పుడు, ఎంత అన్నది అక్కడివారికి తెలియదు.

10. మొదటి రెండు రోజులు వార్డులో

మొదటి 12 గంటలు మంచం మీదే, తర్వాత ఇబ్బంది లేకపోతే మెల్లగా కూర్చోబెట్టడం, కుర్చీ, గదిలో నాలుగడుగులు. బెడ్‌పాన్ మీద ముక్కడం కంటే మంచం పక్కన కమోడ్ కుర్చీ మీద కూర్చోవడం గుండెకు సులువు. మలబద్ధకం రాకుండా మొదటి రోజే విరేచనపు మందు రాయించుకోండి.

బాత్రూము గురించి గట్టిగా చెప్పాలి. నేను పనిచేసిన ఒక చోట, రెండో రోజు బాగా ఉన్న రోగిని తెల్లవారుజామున భార్య బాత్రూము దాకా తీసుకువెళ్ళింది. ఆయన మర్యాదకు లోపల గడియ పెట్టుకున్నాడు. పడిన చప్పుడు వినిపించింది, తలుపు పగలగొట్టేసరికి నాలుగు నిమిషాలు పోయాయి. ఆ వారమే మేము ఆ వార్డు బాత్రూములన్నిటికీ లోపలి గడియలు పీకించి, బయటికి "లోపల మనిషి ఉన్నారు" అన్న అట్ట వేలాడదీశాము. మీ వార్డులో ఇది ఈరోజే చేయించవచ్చు, ఖర్చు కూడా లేదు.

యాంజియోప్లాస్టీ చేయించుకుని వచ్చినవారిలో మణికట్టు పట్టీ కింద వేళ్ళ రంగు, వెచ్చదనం చూడండి. తొడ దగ్గర చేసి ఉంటే కాలు మడవనీయకండి, పాదం నాడి చూడండి. పైన గాయం బాగానే ఉండి, నడుము నొప్పి, చెమటలు, బీపీ తగ్గుదల వస్తే లోపలికి రక్తం కారుతోందేమో అనుమానించి పిలవండి. మొదటి వారంలో ఎప్పుడైనా హఠాత్తుగా ఆయాసం, బీపీ పతనం, గుండె మీద కొత్త మర్మర్ (స్టెతస్కోపులో వినిపించే అదనపు శబ్దం) వస్తే గుండె లోపలి గోడో, కవాటపు తీగలో తెగి ఉండవచ్చు. అది నిమిషాల మీద చూడవలసిన పరిస్థితి.

11. డిశ్చార్జి రోజు

ఇంటికి పంపే మాత్రల స్ట్రిప్పులను రోగి ముందు పరచి, ఒక్కొక్కదాని వెనుక మందు పేరు చదవండి. ఎకోస్ప్రిన్ గోల్డ్‌లో ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, అటార్వాస్టాటిన్ మూడూ ఉంటాయి, ఎకోస్ప్రిన్ ఏవీలో ఆస్పిరిన్, అటార్వాస్టాటిన్ ఉంటాయి. వీటికి తోడు విడి క్లోపిడోగ్రెల్ మాత్ర, ఇంట్లో పాత ఆస్పిరిన్ స్ట్రిప్పు కూడా వేసుకుంటే మోతాదు రెట్టింపవుతుంది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ అనే ఈ రెండు గడ్డ నిరోధక మందులు సాధారణంగా ఏడాది పాటు వాడాలి. పన్ను పీకించుకోవడానికి గానీ, కడుపు మంటకు గానీ సొంతంగా ఆపకూడదు. ఒళ్ళునొప్పులకు దుకాణంలో డైక్లోఫెనాక్ కొనవద్దని చెప్పండి.

నొప్పి మళ్ళీ వస్తే కూర్చుని, రాసి ఇచ్చిన సార్బిట్రేట్ నాలుక కింద ఒకటి పెట్టుకోవాలి. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోను చేయాలి, మోటారు సైకిలు ఎక్కకూడదు. చెప్పాక "అర్థమైందా" అని అడగకండి, అందరూ తల ఊపుతారు. "పెద్దాయనా, రాత్రి పదింటికి నొప్పి వచ్చిందనుకోండి, ఏం చేస్తారో నాకు చెప్పండి" అని వారి నోటితోనే చెప్పించండి, వంట చేసే మనిషిని కూడా పక్కన ఉంచుకోండి.

పని సరిగా జరుగుతోందని ఎలా తెలుసుకోవాలి

నెలకొకసారి చివరి పది గుండెపోటు కేస్ షీట్లు తీసి, ఒక తెల్ల కాగితం మీద గళ్ళు గీయండి: వచ్చిన సమయం, ఈసీజీ సమయం, ఇంజెక్షన్ సమయం, 90 నిమిషాలలోపు రెండో ఈసీజీ ఉందా, బరువు తూచారా, రెండో సంతకం ఉందా. పదిలో ఎన్నింటికి ఈసీజీ పది నిమిషాల్లో అయిందో, ఎన్నింటికి మందు ముప్ఫై నిమిషాల్లో పడిందో లెక్క తేలుతుంది. ఖాళీ గడిని "బహుశా చేసే ఉంటారు" అని నింపకండి. ఎవరి డ్యూటీలో తప్పింది అన్న ప్రశ్న ఎత్తితే వచ్చే నెల నుంచి గళ్ళన్నీ అందంగా నిండుతాయి గానీ నిజం కనిపించదు. ఏ మెట్టు దగ్గర నిమిషాలు పోయాయి అని మాత్రమే అడగండి.

మేము మొదటిసారి ఇలా లెక్క వేసినప్పుడు, ఒక రోగికి ఆసుపత్రికి రాకముందే ఈసీజీ తీసినట్టు తేలింది. ఈసీజీ మెషీన్ గడియారం గోడ గడియారం కంటే 14 నిమిషాలు వెనుక ఉంది, డీఫిబ్రిలేటర్‌ది ఇంకో సమయం. అప్పటి నుంచి ప్రతి సోమవారం ఉదయం డ్యూటీ సిస్టరు గోడ గడియారం, ఈసీజీ మెషీన్, మానిటర్, డీఫిబ్రిలేటర్, నాలుగింటి సమయమూ ఒకటిగా సరిచేసి రిజిస్టరులో రాస్తుంది. మీ లెక్క మొదలుపెట్టే ముందు ఆ పని చేయండి.